వంటపాక కింద ఉన్న మా అన్నను తవ్వుకోనివ్వమని

జిల్లా గనుల అధికారి గారి సముఖమునకు,
మధ్య ఆఫ్రికా దేశం, యాంగో ఏటి ఎడమగట్టు, బసాలా గ్రామవాసి, గుంత తవ్వే కూలీ అనిసే దోకో రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మ వంటపాకకు తమ కార్యాలయం వారు వేసిన సీలు తీయించి, దాని కింది బొరియలో పూడిపోయిన మా అన్న ప్రివా శవాన్ని వెలికి తీసుకొనుటకు అనుమతి కోరుట గురించి.

1. పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నేను తమ కార్యాలయానికి రావడం ఇది మొదటిసారి కాదు. వచ్చిన ప్రతిసారీ తమ గుమాస్తా గారు "నోటితో చెప్తే కుదరదు, కాగితం మీద పెట్టు" అన్నారు. పెడుతున్నాను. నేను బడికి పోలేదు, సిమెంటు సంచుల మీద అక్షరాలు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే గుమాస్తా గారు దిద్దుకోవచ్చు. వారికి వేరే పని ఉన్నట్టు నాకైతే కనిపించలేదు.

2. మా ఊరి మధ్యలో యాంగో ఏరు పారుతుంది. కుడిగట్టున దొరికిన వజ్రం మంచి వజ్రం. ఎడమగట్టున దొరికింది రక్తపు వజ్రం. పటం మీద తమవారు ఏటి వెంబడి గీత గీసి మా గట్టుకు ఎర్ర మండలం అని పేరు పెట్టారు. కింద వజ్రాలుండే గులకపొర మాత్రం ఒకటే, ఈ గట్టు కిందినుంచి ఆ గట్టు కిందికి చాప పరిచినట్టు పోతుంది. అయినా ఆ గీతను నేను తప్పుపట్టడం లేదు. తుపాకుల వాళ్ళు మా గట్టు గుంతల మీద పన్ను వసూలు చేసి, ఆ డబ్బుతో తూటాలు కొని, వాటిలో ఒకటి మా నాన్న మీద ఖర్చు పెట్టారు. కింబర్లీ ఒప్పందం ప్రకారం మా గట్టు రాయి ఇక ప్రపంచంలో ఎవరూ కొనకూడదని రేడియోలో చెప్పినరోజు మా అమ్మ ఫిలొమెన్ లేచి చప్పట్లు కొట్టింది. "ఇన్నాళ్ళకి ఎవడికో బుద్ధి పుట్టింది" అంది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, మేము నిషేధానికి శత్రువులం కాము. ఆ పేరు చెప్పి ఈ అర్జీని పక్కకు నెట్టకూడదు.

3. తుపాకుల వాళ్ళు పోయారు. నిషేధం పోలేదు. సైనికులు వచ్చారు, వాళ్ళూ పోలేదు. మాకు తవ్వడం తప్ప వేరే పని రాదు. అందుచేత దొరికిన రాయిని కుడిగట్టు షావుకారు గస్తోన్ గారికి అమ్ముకునేవాళ్ళం. ఆయన దాన్ని తన గుంతలో దొరికినట్టు రాయించుకుంటాడు. మా రాయి పడవెక్కి ఏరు దాటేసరికి దాని పాపమంతా కడుక్కుపోతుంది. "మీ రాయికి బాప్తిస్మం ఇప్పించాలి గదా తమ్ముడూ, పాస్టరుకి కానుక పెట్టవా?" అని పగలబడి నవ్వుతూ ధరలో ముప్పాతిక కోసేవాడు. ఇది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తమకు తెలియదనుకోను.

4. పైనుంచి ఫొటోలు తీసే యంత్రం తిరుగుతోందని, ఎడమగట్టున కొత్తగా తవ్విన మట్టి ఎర్రగా కనిపిస్తే సైనికులు వస్తారని తమవారే చాటింపు వేయించారు. దాంతో తవ్వకం ఆగిపోతుందని తమరు అనుకొని ఉంటారు. మేము ఆకాశానికి కనబడకుండా తవ్వడం నేర్చుకున్నాం. గుంతను వెడల్పుగా, మెట్లు మెట్లుగా విప్పుకుంటూ దిగాలి, అప్పుడు అంచులు కూలవు. కానీ అలా విప్పిన గుంత ఆకాశానికి నోరు తెరిచి కనిపిస్తుంది. అందుకని ప్రివా అమ్మ వంటపాకలో, పొయ్యి పక్కన, బావిలా నిట్టనిలువుగా దిగి, అక్కడినుంచి పక్కకు, మా కర్రపెండలం చేను కిందికి పందికొక్కులా బొరియ తీశాడు. అమ్మ ఆ మట్టిని కర్రపెండలం నానబెట్టే బుట్టల్లో మోసుకుపోయి ఏట్లో పారబోసేది. "ఒరే, నా పొయ్యి కిందికి దిగిపోయేట్టుందిరా!" అని అమ్మ అరిస్తే, కిందినుంచి వాడు "దిగితే దిగనీవే, కూర నాకు దగ్గరవుతుంది" అనేవాడు.

5. వాన పడి తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం. వాడు లోపల ఉన్నాడు. నేను పాకలో తాడు పట్టుకొని ఉన్నాను. తాడు లాగితే బుట్ట రాలేదు. బయట చేనులో నేల కుంగింది, కర్రపెండలం మొక్కలు నిలబడ్డవి నిలబడ్డట్టే కిందికి దిగాయి. పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఊరంతా పారలు పట్టుకొని వచ్చింది. చేను పైనుంచి తవ్వడం మొదలుపెట్టాం. ఈసారి వెడల్పుగానే తవ్వాం అయ్యా, ఎవడికి కనిపిస్తే ఏం అని. కనిపించింది. సైనికులు వచ్చారు. "పారలు కింద పెట్టండి" అన్నాడు సార్జెంటు. మనిషి ఉన్నాడు కింద, ఊపిరి ఉండొచ్చు అన్నాను. "పట్టుబడ్డ ప్రతివాడూ కింద మనిషి ఉన్నాడనే చెప్తాడు" అన్నాడు. పారలన్నీ బండిలో వేసుకున్నారు. మేము చేతులతో తవ్వబోతే తుపాకులు ఎత్తారు. సాయంత్రం తమ గుమాస్తా గారు వచ్చి వంటపాక తలుపుకు సీలు వేసి, అక్రమ గని అని బోర్డు తగిలించి పోయారు. లోపల మా అమ్మ కుండలున్నాయి.

6. అనుమతి అడగడానికి వస్తే గుమాస్తా గారు సెలవిచ్చిన నిబంధన: ఎర్ర మండలంలో కదిపిన మట్టి ఏదైనా ఉత్పత్తి కిందికే వస్తుంది, ఉత్పత్తి నిషిద్ధం.

"శవం ఉత్పత్తి ఎలా అవుతుందండీ?"

"శవం కాదయ్యా. శవం మీది మట్టి."

"మరి శ్మశానంలో గొయ్యి తవ్వితే?"

"మీ శ్మశానం ఏ గట్టున ఉంది?"

"కుడిగట్టున."

"అయితే అభ్యంతరం లేదు. నిరభ్యంతరంగా పూడ్చుకో."

అంటే మా అన్నను పూడ్చడానికి నాకు అనుమతి ఉంది. తీయడానికి లేదు.

7. ఇది రక్తపు రాయి కోసం పోయిన ప్రాణమే గదా, ఆ చావుల పట్టికలో రాసుకోండి, కనీసం విచారణకైనా వస్తారు అని అడిగాను. తుపాకీ వల్ల కారిన రక్తానికే ఆ పేరట.

8. మా గ్బాయా తెగ వాళ్ళలో సోరె చెట్టు కొమ్మ పెట్టినచోట ఎవడూ ఆయుధం ఎత్తడు, ఎవడూ దాన్ని దాటడు. పగవాళ్ళు సైతం ఆగుతారు. అమ్మ చేను కుంగినచోట సోరె కొమ్మ పాతింది. పొయ్యి మాత్రం వెలిగించడం లేదు. పాకకు సీలు ఉందని కాదు, మూడు రాళ్ళు పెడితే ఎక్కడైనా పొయ్యే. బిడ్డను పూడ్చకముందే పొగ పెడితే వాడికి ఊపిరాడదని. ఇరుగుపొరుగు పెట్టిన ముద్ద పెట్టినచోటే ఎండిపోతోంది. "వాడు చేనులోనే గదా ఉన్నాడు, పిలిస్తే పలికే దూరం" అంటుంది. పిలుస్తుంది కూడా. నేను ఆ పక్కన పడుకొని వినాలి. తమరు వినక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

9. కావున కోరునది: సైనికులను చుట్టూ నిలబెట్టండి. బట్టలు విప్పి తవ్వమంటే విప్పి తవ్వుతాం. తీసిన మట్టినంతా తమవారే జల్లెడ పట్టుకోండి, అందులో ఏం దొరికినా తమరే ఉంచుకోండి. మా జల్లెడలు కావాలంటే ముందే తెచ్చి ఇచ్చేస్తాం. మనిషిని తీసుకొని, మట్టి మళ్ళీ పూడ్చి, పైన కర్రపెండలం నాటుతాం. ఆకాశంలో తిరిగే యంత్రానికి ఏమీ కనిపించదు.

ఏరు పొంగితే మొదట మునిగేది మా చేనే. తమరు ఫైళ్ళన్నీ చూశాక తీరిగ్గా చూద్దామంటే అప్పటికి అడగడానికి ఏమీ మిగలదు. ఆలోగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (అలా రాయకపోతే తీసుకోనని గుమాస్తా గారు అన్నందున)
అనిసే దోకో

తా.క. ఈ అర్జీ మీద ఊరిపెద్ద వేలిముద్ర వేయించుకొని ఇంటికొచ్చేసరికి మా చేనులో మోటారు పంపు దింపుతున్నారు. షావుకారు గస్తోన్ మనుషులు. సైనికులు వాళ్ళకు నీడ ఉన్న చోటు చూపిస్తున్నారు. ఇదేంటని అడిగితే గస్తోన్ కాగితం తీసి చూపించాడు: నేలలో ఏముందో పరీక్షించడానికి నమూనా తవ్వకం, అధికారి గారు అనుమతించడమైనది. కింద ముద్ర తమదే. ఎర్ర మండలంలో మట్టి కదపడానికి ఇలాంటి కాగితం ఒకటి ఉంటుందని తమ గుమాస్తా గారు నాకు ఒక్కసారైనా చెప్పలేదు.

అమ్మ పాతిన సోరె కొమ్మను పీకి పంపు కింద ఎత్తు కోసం పెట్టారు.

"మీ అన్న మంచి పొర పట్టాడ్రా, పోతూ పోతూ" అన్నాడు గస్తోన్. "మనుషులు తక్కువున్నారు. బొరియ ఎటు పోయిందో నీకు తెలుసు. వస్తావా కూలికి?"

వాడి పీక పట్టుకుందామనుకున్నాను. వస్తానన్నాను. కూలి వద్దన్నాను. ఏది బయటికొచ్చినా షావుకారుదే, ఒక్కటి తప్ప అని అందరి ముందూ ఒప్పించుకున్నాను. రేపు దిగుతున్నాను. మా అన్న కోసం కదిపితే నేరమైన మట్టినే, తమ ముద్ర కింద, షావుకారు కోసం కదుపుతాను. కాబట్టి ఈ అర్జీకి జవాబు అక్కర్లేదు. అయినా పంపిస్తున్నాను, అందిందని తమ పుస్తకంలో ఎక్కాలి. ప్రివా నీలం చొక్కా వేసుకున్నాడు. జల్లెడ దగ్గర కాపలా ఉండే సైనికులకు ఆ సంగతి చెప్పించండి, మట్టితో పాటు వాణ్ణి నీళ్ళలో వేసి కడగకుండా. పైన "విధేయుడు" అన్న మాట కొట్టేద్దామనుకున్నాను, కొట్టేస్తే గుమాస్తా గారు తీసుకోరు. కొట్టేసినట్టే చదువుకోండి.

పంపు చప్పుడు మొదలైంది. అమ్మ లేచి గుమ్మంలోకి వచ్చి, "వాడి కోసమేనట్రా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాను.

ఇప్పుడు రేపటి పొయ్యికి కట్టెలు ఏరుకుంటోంది.