గంగులమ్మ పక్కన స్టూలు

జూలై 7, సోమవారం

పొద్దున మైకు ముందు కూర్చుంటే గొంతు పెగల్లేదు. శనివారం నర్సింగు కాలేజీ లాబ్‌కు తాళం వేశాక నోరు తెరవడం ఇదే. నిన్న కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించే కొన్నాను.

అద్దం వెనక చిన్న గది, నేను. అవతల మంచం మీద గంగులమ్మ... పిల్లలు పని నేర్చుకునే రబ్బరు బొమ్మ. ఊపిరి, నాడి, దగ్గు నా బటన్లలో ఉంటాయి. గొంతు నాది. "గుండెల్లో మంటగా ఉండాది తల్లీ" అంటే చాలు, నర్సింగు పిల్లలు పరుగెత్తుకొస్తారు. ఎట్లుండావమ్మా అని రోజంతా అడుగుతారు. అడిగేది బొమ్మనే, సరే. జవాబు చెప్పేది నేనే కదా.

జూలై 9, బుధవారం

రేష్మా మళ్లీ నోట్లోనే గొణిగింది. పుంగనూరు పిల్ల. చెయ్యి మంచిది, గొంతే రాదు. మైకులో నా సొంత గొంతుతో కసిరాను. చూసింది, చేసింది అంతా పైకి చెప్పాలి, కెమెరాకు వినపడకపోతే చేయనట్టే లెక్క. తల ఊపింది. తల ఊపడం కూడా వినపడదమ్మా అన్నాను. అందరూ నవ్వారు.

క్లాసయ్యాక ఆ పిల్ల ఒక్కతే ఆగింది. బొమ్మ మీద దుప్పటి మెడ దాకా లాగి, "సలిగా ఉండాదామ్మా?" అంది. మైకు ఇంకా ఆపలేదు నేను.

"లేదు తల్లీ. పోయి అన్నం తినుపో."

అద్దం వైపు చూసి నవ్వి వెళ్లింది.

జూలై 12, శనివారం

ఈరోజూ ఆగింది. దుప్పటి కప్పి, "రేపు ఆదివారం గదమ్మా, ఎవురుంటారు నీకు తోడు?" అంది.

మైకు ఆపేశాను.

జూలై 13, ఆదివారం

ఎవరూ లేరు.

జూలై 18, శుక్రవారం

రేష్మా గొంతు ఇప్పుడు కారిడార్ దాకా వినిపిస్తోంది. నా పోరు ఫలించింది.

మధ్యాహ్నం వీఆర్ కళ్లద్దాలు. పిల్లలు వరసగా నిలబడి గాలిలో చేతులు ఆడిస్తుంటే చూసేవాళ్లకు పిచ్చాళ్ల లాగే ఉంటుంది. నేనూ ఒకసారి పెట్టుకుని చూశాను. లోపలి వార్డు భలే శుభ్రం. మంచానికి ఒక రోగి. సంగటి క్యారియర్లు లేవు, మంచం కింద చాపలు లేవు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న పెళ్లాలు లేరు. రోగి చనిపోతే 'మళ్లీ మొదలుపెట్టండి' అని వస్తుంది. నవ్వొచ్చింది. అంతకుమించి ఆలోచించలేదు.

జూలై 24, గురువారం. కుప్పం

పిల్లలకు ఇక్కడి ఆసుపత్రిలో మొదటిసారి వార్డు డ్యూటీ. నేను పక్క మంచం దగ్గర డ్రెస్సింగు చూపిస్తున్నాను. వెనక నుంచి రేష్మా గొంతు... గంటలా ఉంది. "పిలిస్తే పలకడం లేదు. ఊపిరి లేదు. మెడ దగ్గర నాడి అందడం లేదు."

సిగ్గు లేకుండా రాస్తున్నాను. నాకు మొదట కలిగింది సంతోషం. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తర్వాత తిరిగి చూశాను. మంచం పక్కనే ఆ రోగి భార్య, చేతిలో కాఫీ గ్లాసు. "ఏమంటాండాదమ్మా ఈ పిల్ల?" అని నన్నే అడిగింది. రేష్మా అప్పటికే ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది, లెక్క కూడా పైకే. ఒక్కో నొక్కుకూ ఆమె ఉలిక్కిపడుతోంది. ఆమెను పక్కకు తీసుకుపోవాల్సింది నేను. నిలబడిపోయాను.

డాక్టరు వచ్చారు. చేయాల్సిందంతా చేశారు. అతను దక్కలేదు.

వార్డు సిస్టరు ఊరుకోలేదు. మీ నాటకాలు మీ లాబ్‌లో ఆడుకోండి అంది. బస్సులో రేష్మా నా పక్కనే కూర్చుంది. పుంగనూరులో వాళ్లింటికని దిగిపోయింది.

జూలై 25, శుక్రవారం

రాలేదు. గంగులమ్మకు దుప్పటి నేనే కప్పాను.

జూలై 27, ఆదివారం

పుంగనూరు వెళ్లాను. వాళ్ల నాన్న వీధిగదిలో మిషను కుడుతున్నాడు. లేచి కుర్చీ వేశాడు. టీ వచ్చింది. లోపలి గుమ్మానికి పూల కర్టెన్, దాని కింద రేష్మా పాదాలు కనిపిస్తున్నాయి. బయటికి రాలేదు.

"మా పాప తప్పేమన్నా సేసిందా మేడమ్?"

"లేదప్పా. చెప్పినట్టే చేసింది."

"మల్ల యాల ఏడస్తాండాది?"

కర్టెన్ వైపు తిరిగి, రా అమ్మా రేపటినుంచి, అన్నాను. అద్దానికి అవతల, పిల్లల వైపు నిలబడి మాట్లాడితే ఎలా ఉంటుందో ఇన్నేళ్లకు తెలిసింది.

ఆ పిల్ల చదువు మానేస్తుందేమోనని భయం. దాని వెనక ఇంకో భయం కూడా ఉంది, ఎవరు చదువుతారు గనక రాసేస్తాను... ఆ పిల్ల రాకపోతే, చలిగా ఉందా అని అడిగేవాళ్లు నాకిక లేరు.

జూలై 28, సోమవారం

మైకు కట్టేశాను. గంగులమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని, కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఈమె మా అమ్మ, నేను కూతురిని, కానివ్వండి అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకోవాలి.

మీరు ఈడ కూర్చుంటే గంగులమ్మ మాటలు ఎవురు మాట్లాడతారు మేడమ్, అని పిల్లలు అడిగారు. ఈరోజు ఆమె మాట్లాడదు అన్నాను.

ఒక్కరూ నా మొహం చూడలేదు. పక్కనే ఉన్నాను, మోకాళ్లు తగులుతున్నాయి. అందరూ అద్దం వైపు తిరిగి, ఆ ఖాళీ గదికి చెప్పారు... ఊపిరి లేదు, నాడి అందడం లేదు.

ఏడుపు వచ్చింది. నటన అనుకున్నారు.

జూలై 30, బుధవారం

రేష్మా దగ్గర్నుంచి మెసేజ్. "ఆయమ్మ పేరేంది మేడమ్?"

కుప్పంలో పోయినతని పేరు గుర్తుంది, వయసు గుర్తుంది, మందులు గుర్తున్నాయి. అతని భార్య పేరు... వార్డుకు ఫోన్ చేశాను. సిస్టరుకూ తెలియదు. వాళ్ల ఊరు మాత్రం చెప్పింది, కుప్పం పక్కనే.

తెలియదమ్మా అని రాశాను.

"పేరు కూడా అడగలేదు మేడమ్ మనం. ఆయమ్మను సూడకుండా నేను మల్ల ఆ బొమ్మను ముట్టుకోలేను."

రేపు కుప్పం పోతాండాను, నువ్వూ వస్తావా, అని రాశాను. చూసింది. జవాబు లేదు.

వెళ్లి ఆమెతో ఏమని మొదలుపెట్టాలో తెలియదు. గంగులమ్మ గొంతు అక్కడ పనికిరాదు.

పొద్దున మొదటి బస్సు. పుంగనూరు మీదుగానే పోతుంది. అక్కడిదాకా పక్క సీట్లో నా బ్యాగు పెట్టుకుంటాను.