కోడిదారి

చిరంజీవి రాయ్స్‌కు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. అందరం అంటే ఇప్పుడు నేను, మీ నాన్న, కుక్క. ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ ఎల్కో గనిలో నువ్వు వేళకి తింటున్నావనుకుంటాను. ఎనిమిదో తరగతి దాటనిదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. ఒకటి, నాన్న మోకాలు. తగ్గలేదు, తగ్గిందని ఊరంతా చెప్పుకుంటున్నాడు. రెండోది, నీ సైకిలు అమ్మేశామా అని. లేదు. షెడ్డులో నీదీ తమ్ముడిదీ పక్కపక్కనే ఉన్నాయి. మూడోదానికి చివర చెప్తాను. దానికి కాస్త బలం కూడగట్టుకోవాలి.

లా సాల్ కొండల మీద మంచు ఇంకా కరగలేదు గానీ, కింద రాళ్ల సందుల్లో ఎర్రపూలు వచ్చేశాయి. సైకిళ్లవాళ్లతో మా మోటెల్ నిండిపోయింది. చెప్పినా వినకుండా స్నానాల తొట్టెల్లోనే సైకిళ్లు కడుగుతారు. రోజూ పద్నాలుగు గదుల్లో ఆ ఎర్రమట్టి తోమి, రెండింటికి పని దిగి, పార పట్టుకుని తాతగడ్డం బండ దగ్గరికి పోతూ వచ్చాను.

అవును, అక్కడికే. పోయిన ఏప్రిల్లో తమ్ముడు డాలిన్ పడి చనిపోయిన చోటికే. ఆ రాతి అంచు మీంచి సైకిలుతో దూకలేనివాళ్లకి ఇదివరకు పక్కనుంచి ఒక చుట్టుదారి ఉండేది, వరదకి కొట్టుకుపోయింది. కోడిదారి అని మీరంతా వెక్కిరించేవాళ్లు, పిరికివాళ్ల దారి అని. దాన్నే మళ్లీ వేశాను. భూముల ఆఫీసుకి ఐదుసార్లు తిరిగి అనుమతి కాగితం తెచ్చుకున్నాను. దారులు బాగుచేసే గ్రేడీ ముసలాయన మొదట నవ్వాడు.

"ఏమ్మా లొవీనా, కుర్రాళ్లు ఇంతదూరం వచ్చేదే గడ్డం మీంచి దూకడానికి. కోడిదారి ఎవడిక్కావాలి?"

"భయమేసినవాడికి. నీకెప్పుడూ వెయ్యలేదా?"

"వేసింది. ఎవరితోనూ చెప్పుకోలేదు."

"అదిగో, చెప్పుకోనివాళ్ల కోసమే."

మర్నాడు గడ్డపార తీసుకుని నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. ఇసక మీద ఆ నల్లటి పొర ఉంటుందే, అడుగు పడితే ఆ అచ్చు ఏళ్ల తరబడి మానదు. అంచుకి పది గజాల ఇవతల, దారి పక్కన, ఆ పొరలో తమ్ముడి చక్రం గీత కనబడింది. దాని పక్కన వాడి కుడి బూటు అచ్చు. మడమకి మీ నాన్న అతికించిన టైరు ముక్కతో సహా పడింది, పొరపాటు లేదు.

నువ్వు ముందు దూకావు గనక వాడు నీ వెనక గుడ్డిగా దూకాడని ఏడాదిగా ఆ బరువు మోస్తున్నావు. కాదు నాన్నా. వాడు ఆగాడు. పక్కకి తప్పుకుని కాలు కింద పెట్టి నిలబడ్డాడు. నిలబడి ఆలోచించి, సైకిలు వెనక్కి తిప్పుకుపోయి, మళ్లీ వచ్చి దూకాడు. ఆ గీతలు అలాగే ఉన్నాయి.

ఆగినవాడికి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. నీ మూడో ప్రశ్న అదే. ఆ పొద్దున నువ్వు వాకిట్లో టైర్లకి గాలి కొడుతుంటే వంటింట్లో మేమిద్దరం ఎందుకు నవ్వామని అడిగావు. వాడు అట్టు తింటూ, "అమ్మా, ఇవాళ గడ్డం దగ్గర దిగి సైకిలు మోసుకుపోతాను. ఎందుకో మనసు బాగోలేదు" అన్నాడు. నేను పెనం మీంచి చూపు కూడా తిప్పలేదు. "అయితే వచ్చేటప్పుడు నాలుగు గుడ్లు పెట్టి తీసుకురా, కోడీ. రేపు అట్లలోకి పనికొస్తాయి" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. వాడితో నేనన్న చివరి మాట అదే.

మీ నాన్నకి కూడా ఇంతవరకు చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసొచ్చి చెప్తాను.

నన్ను ఓదారుస్తూ ఏమీ రాయకు. నీది కాని బరువు నువ్వు దించెయ్యి, చాలు. నాది నేను మోస్తాను. మోస్తూనే ఇన్నాళ్లూ మట్టి తవ్వాను.

దారి పూర్తయింది. రాతి మీద తెల్లగీతలు నేనే వేశాను. తమ్ముడి సైకిలు మీద నాలుగుసార్లు దిగి చూశాను. రెండుసార్లు పడ్డాను, మోచేతులు గీరుకుపోయాయి, అంతే. గదులు తుడుచుకునే యాభైమూడేళ్ల మనిషి దిగిందంటే ఎవరైనా దిగుతారు. దారి మొదట్లో పెట్టే పలక మీద డాలిన్ పేరు రాద్దామన్నారు. వద్దన్నాను. 'కోడిదారి' అనే రాశాను, అరచేతంత అక్షరాలతో. కింద ఒక గుడ్డు బొమ్మ వేశాను. అదెందుకని గ్రేడీ అడిగితే చెప్పలేదు. నీకు తెలుసు.

నెలాఖరు శనివారం పొద్దున తొమ్మిదింటికి దారి తెరుస్తాం. నీ సైకిలుకి గాలి కొట్టి ఉంచాను. వస్తే నా వెనక రా. ఈసారి ముందు దిగేది నేను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
లొవీనా