నాన్న బొంగరం గురించి, నా కుడిచెయ్యి గురించి

అల్లా పేరుతో. నిక్ యాకూబ్ కొడుకుని నిక్ రైమీని, ఇరవై ఆరేళ్లవాణ్ణి, బాచొక్‌లో మా అమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఇది రాస్తున్నాను. ఫిబ్రవరిలో పక్షవాతం నా కుడిపక్కని కొట్టింది, తెలివిని కాదు. మాట మూడు వారాలు పోయి తిరిగొచ్చింది. ఎడంచేత్తో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకర. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

సోమవారం నా గుండె కవాటం మారుస్తారు. అక్కడ గడ్డకట్టిన రక్తమే మెదడుకి పోయిందట. ఆపరేషన్ బల్ల మీంచి లేస్తే ఈ కాగితం నేనే చింపేస్తాను. లేవకపోతే ఇలా జరగాలి. జరిపించే బాధ్యత ఇమాం ఒమర్ గారిది.

1. అమ్మకి, అక్క సురయాకి, పెదనాన్న నిక్ దావూద్‌కి మతధర్మం ప్రకారం రావలసిన వాటాలు వస్తాయి. అందులో నేను వేలు పెట్టను. బయటివాళ్లకి మూడో వంతు లోపు నా ఇష్టమని ఇమాం గారు చెప్పారు. కింద రాసేదంతా ఆ మూడో వంతు గురించే.

2. పోయిన మా నాన్న చెక్కిన బొంగరం, ఐదు కిలోలది, అంచుకి సీసం పోసినది, తాడుతో సహా జంబ్రికి చెందాలి. పదేళ్లుగా నేను విసిరితే, తిరుగుతున్నదాన్ని చెక్క తెడ్డుతో ఎత్తి, ఎక్కువసేపు తిరిగేలా పొట్టి గుంజ మీద నిలబెట్టింది వాడు. పెదనాన్న మా బొంగరాల జట్టు పెద్ద. తమ్ముడి చేతిపని తన దగ్గరే ఉండాలంటాడు. ఎందుకు ఇవ్వనో రాస్తాను.

మొదటి నెల నా చెయ్యి తడిగుడ్డ. పక్క మీద దొర్లితే కింద నలిగేది, నాకు తెలిసేది కాదు. తర్వాత ఒక పొద్దున నేను ఆవులిస్తే అది దానంతటదే లేచింది. అమ్మ కేకపెట్టి, పసుపన్నం వండి వీధంతా పంచింది. మళ్లీ లేపమంటే లేవలేదు. "ఇంకోసారి ఆవులించు నాయనా" అని నా ఎదురుగా కూర్చుని తనే ఆవులించేది, పాపం.

ఆ తర్వాత బిగుసుకోవడం మొదలైంది. చెయ్యి ఎత్తబోతే భుజం లేచేది, మోచెయ్యి మడుచుకునేది, పిడికిలి మూసుకునేది. మూడూ కలిసే వచ్చేవి, ఒక్కదాన్ని పిలిస్తే ఒక్కటే వచ్చేది కాదు. బిగుస్తోందంటే బలం వస్తోందనుకున్నాం, ఊరంతా. పెదనాన్న రబ్బరు బంతి తెచ్చాడు. "పిండరా, రోజుకి ఐదొందలు!" నేను వెయ్యి పిండాను. కసరత్తు నేర్పే మస్నా అక్క ఆస్పత్రిలో చూసి బంతి లాక్కుంది. "పట్టు ముందొస్తుంది తమ్ముడూ, వదలడం ఆఖర్న వస్తుంది. నువ్వు పిడికిలికి తాళం వేస్తున్నావు." ఇంటికొస్తే పెదనాన్న ఇంకో బంతి ఇచ్చాడు.

ఉపవాసాల నెల ముగిశాక రాయా పండుగ బొంగరాల పోటీకి నన్ను దింపాడు. "పట్టు ఇనుములా ఉంది, ఇంకేం కావాలి?" బొంగరం విసరడమంటే పట్టు కాదు, సరైన క్షణంలో చెయ్యి తెరుచుకోవడం. అది నాకు తెలుసు. తెలిసీ దిగాను. చెయ్యి తెరుచుకోలేదు. బొంగరం పక్కకి తిరిగి జంబ్రి పాదం మీద పడింది. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. "ఒరేయ్, ఇప్పుడు ఇద్దరం కుంటివాళ్లమే, జట్టు కుదిరింది" అన్నాడు వాడు, నొప్పికి ఏడుస్తూనే. పెదనాన్న వాణ్ణి చూడ్డానికి ఇవాళ్టిదాకా వెళ్లలేదు.

3. రబ్బరు బంతి పెదనాన్నదే. ఇది ఇవ్వడం కాదు, తిరిగిచ్చెయ్యడం.

4. నా పావురం, పంజరంతో సహా, మస్నా అక్కకి. ఆ పంజరం గడి నేను కుడిచేత్తో తీసిన మొదటి వస్తువు. పోయిన నెల్లో. పొద్దున్నే నూకలు వెయ్యాలి, లేకపోతే అలుగుతుంది.

5. వాటా ఉన్న అమ్మకి విడిగా ఏదీ రాసివ్వడం కుదరదు కాబట్టి ఒక్క మాట. పసుపన్నం వృథా కాలేదు.

6. ఆఖరి స్నానంలో నన్ను కడిగేటప్పుడు పిడికిలి మూసి ఉంటే వేళ్లు పట్టి లాగొద్దు. మణికట్టు కిందికి వంచి, బొటనవేలు బయటికి తీసి, ఆగండి. నాతో అలాగే చెయ్యాలి.

7. సంతకం గురించి. పెదనాన్న వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు. "ఎడంచేతి గీతలు చెల్లవురా! మెదడు చెడినవాడి రాత ఏ ఖాజీ ఒప్పుకుంటాడు?" వేలిముద్ర చాలన్నారు ఇమాం గారు. నాకు చాలదు. కుడిచేత్తోనే పెడతాను. పెన్ను పట్టుకోగలను, వదలడానికే ఇన్నాళ్లూ ఎవరో ఒకరు లాగాల్సొచ్చింది. ఈరోజు ఎవరూ నా చెయ్యి ముట్టుకోవద్దు. ముట్టుకుంటే, సాక్షులే పట్టి పెట్టించారంటాడు పెదనాన్న. బొంగరం పోతుంది.

2018 ఆగస్టు 25, శనివారం, బాచొక్.

(సంతకం) నిక్ రైమీ బిన్ నిక్ యాకూబ్

సాక్షుల మాట: సంతకం అతనే పెట్టాడు. పెన్ను పిడికిట్లో ఉండిపోయింది. మేమెవరమూ ముట్టుకోలేదు. మస్నా మెట్ల కింద నిలబడి లెక్కపెట్టింది. నలభై రెండు దగ్గర వేళ్లు తెరుచుకుని పెన్ను కింద పడింది. వాకిట్లోంచి వచ్చి దాన్ని తీసి మా చేతికిచ్చింది నిక్ దావూద్. మేమిద్దరం ఆ పెన్నుతోనే సంతకం చేశాం.

ఇమాం ఒమర్ బిన్ సాలే
సెమాన్ బిన్ దెరామన్, కాఫీ దుకాణం