వేలు గుంజిన శనివారం

1984 జనవరి 22, ఆదివారం
కిలో తొమ్మిది వందలు. గోదాంలో అల్లం తూచే తరాజులోనే తూచాం. ఒక పళ్ళెంలో తువ్వాలు చుట్టిన పిల్ల, ఇంకో పళ్ళెంలో తూకం రాళ్ళు. పోయిన వారం కంటే నూట యాభై గ్రాములు ఎక్కువ. అత్తమ్మ అందరి ముందూ అన్నది — "ఇదంత పెద్ద కోడలి చెయ్యి." నా ముఖం చేటంత అయింది. నా తోటికోడలు సులోచన కూడా నవ్వింది. కన్నది అది, నవ్వక ఏం చేస్తుంది.

జనవరి 23
ఎనిమిదో నెల నిండకుండా పుట్టిన పిల్ల. హైదరాబాద్ దవాఖానలో అన్ని రోజులు గాజు పెట్టెలో ఉంచి, ఇక ఇంట్లో చూసుకోండని పంపారు. రొమ్ము గుంజే బలం లేదు. సులోచన గ్లాసులోకి పాలు పిండి ఇస్తుంది, నేను ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోస్తాను. రెండు గంటలకోసారి. తొందరపడితే పొలమారుతుంది. ఒక్కోసారి ఊపిరి తీయడం మరిచిపోతుంది... పెదవులు నీలంగా అయిపోతాయి. అప్పుడు అరికాలు గిల్లాలి. ఎక్కడ, ఎంత గట్టిగా — అది నా వేళ్ళకే తెలుసు.

నాకూ నేర్పక్కా అని సులోచన అడిగింది. పచ్చి బాలింతవి, పోయి పడుకో అన్నాను. ప్రేమతోనే అన్నాను. ప్రేమతోనేనా?

జనవరి 24
సులోచనకు ఇంతకు ముందు ఇద్దరు పుట్టి వారం తిరగకుండానే పోయారు. అందుకే ఈ పిల్లని ఇంటికి తెచ్చిన రోజు అత్తమ్మ చేటలో వేయించి పెంటకుప్ప దగ్గర పెట్టించింది. నేను పోయి ఏరుకొచ్చాను. "ఇగ ఇది నీది గాదు సులోచనా, పెంట మీద దొరికిన పొల్ల. పెద్దది ఏరుకున్నది. పానం గట్టిపడినంక తవుడిచ్చి కొనుక్కో." మృత్యువుని ఏమార్చడానికి చేసే తంతు. మా మరిది, ఈయన, అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. చేటలోంచి ఎత్తుకున్నదాన్ని ఇంకా దించలేదు, మనసులో.

జనవరి 25
జహీరాబాద్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. రోజూ ఒకసారి శుభ్రమైన వేలు నోట్లో పెట్టి చూడాలట. పిల్ల వేలిని గుంజిన రోజే తల్లి రొమ్ముకు పెట్టాలట, ఒక్క రోజు కూడా ఆగొద్దట. పిల్ల నోరు తగలకపోతే తల్లి పాలు ఎండిపోతాయట. బర్రెపాలు ఈ కడుపు తట్టుకోదట. ఇదంతా నావైపు చూసే చెప్పింది, నేనే తల్లిననుకుంది. నేను దిద్దలేదు. సులోచనా దిద్దలేదు.

జనవరి 26
వేలు పెట్టి చూశాను. లేదు.

జనవరి 27
లేదు. హాయిగా ఉంది. రాశాక చదువుకుంటే సిగ్గేసింది, అయినా కొట్టెయ్యను.

సులోచన పిల్లని "కూసూ" అని పిలుస్తుంది. వాళ్ళ బీదర్ వైపు చంటిపిల్లని అలాగే అంటారు. వంగి చెవిలో కన్నడంలో ఏదో గొణుగుతుంది. పాలు నేను పడతాను, ముడ్డి నేను కడుగుతాను, నాకు అర్థం కాని మాటలు మాత్రం వాళ్ళిద్దరికీ. ఆ మాటలకి పిల్ల కళ్ళు తిప్పుతుంది. నా మాటలకి తిప్పదు. కుళ్ళు అంటే ఇదే కాబోలు. ఇన్నాళ్ళూ ఇరుగుపొరుగులో చూసి ఆడిపోసుకున్నాను.

జనవరి 28, శనివారం
గుంజింది.

పొద్దున ఎండలో కూర్చుని వేలు పెట్టాను. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గట్టిగా. ఒళ్ళు ఝల్లుమంది. ఇంత ప్రాణం ఎక్కడ దాచుకుందిరా దేవుడా అనుకున్నాను. ఏడ్చాను కూడా. తర్వాత వేలు తీసేసి కొంగుతో తుడుచుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు.

జనవరి 29, ఆదివారం
సరిగ్గా రెండు కిలోలు. నూరు గ్రాములే పెరిగింది. "గుంజుతున్నదా అక్కా?" అని సులోచన తూకం రాళ్ళు చూస్తూనే అడిగింది. ఇంకా లేదన్నాను. నోరు ఎలా వచ్చిందో. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ పిల్లిని నేనే.

రేపు చెబుతాను.

జనవరి 30
చెప్పలేదు. వేలు పెట్టలేదు కూడా. పెడితే కదా గుంజేది.

జనవరి 31
పొద్దున పాలు గ్లాసులో సగం వచ్చేవి, ఇవాళ అడుగు తడిసింది, అంతే. ఎదురింటి హలీమా బీ మెంతులు, వెల్లుల్లి పంపింది. సులోచన కళ్ళు మూసుకుని అన్నీ మింగుతోంది. వెల్లుల్లి దానికి వాసనే పడదు. పిండీ పిండీ రొమ్ము కమిలిపోయింది, జాకెట్ గుండీలు పెట్టుకోలేకపోతోంది. "ఎండిపోతున్నయక్కా" అంటూ గోడవైపు తిరిగింది. అత్తమ్మ అయితే బర్రెపాలల్లో నీళ్ళు కలిపి పట్టమంటోంది. వద్దని అరిచాను. అత్తమ్మతో నేను అరవడం ఇదే మొదలు, ఇంట్లో అందరూ బిత్తరపోయారు.

పెద్ద నీతిమంతురాలిని మరి. బర్రెపాలకు అరుస్తాను. నా నోట్లో ఉన్న మాట మింగి కూర్చుంటాను.

ఇదీ రాస్తాను. అది రొమ్ము పట్టిందంటే నాతో ఏం పని? ఉగ్గుగిన్నె కడిగి అటక మీద పెడతారు. నన్నూ పెడతారు. ఇది తప్పని తెలుసు, పాపమని తెలుసు. తెలిసీ నాలుగు రోజులు.

ఫిబ్రవరి 1, బుధవారం
పాలు చాలలేదు. పది గంటలకు పోసినవి అయిపోయాక కూడా పిల్ల నోరు తెరిచి ఉగ్గుగిన్నె వెతికింది. గిన్నెలో ఏమీ లేదు. పిట్టపిల్ల నోరు. తెరిచే ఉంచింది...

లేచి సులోచన గదికి పోయాను. పిల్లని దాని ఒళ్ళో పెట్టాను. వేలు పెట్టి చూడన్నాను. పెట్టింది. నా వైపు చూసింది. "ఎప్పటి సంది అక్కా?"

"ఇప్పుడే."

రొమ్ముకు పెట్టుకుంది. పిల్ల రెండుసార్లు గుంజి అలసిపోయి నిద్రపోయింది. రొమ్ము మీదే తల వాల్చి. సులోచన కదల్లేదు, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. కడుపులో మంట. నా చేతులతో నేనే ఇచ్చి కూడా.

ఫిబ్రవరి 3
నాలుగు గుక్కలు తాగి పడుకుంటోంది. మిగతాది ఉగ్గుగిన్నెతోనే. హలీమా బీ వచ్చి కూర్చుంది. జర సబర్ చెయ్యి బేటీ, నోరు తగిలింది కదా, పాలు మళ్ళీ వస్తాయి అంది సులోచనతో. నాతోనూ అదే అంది, ఓపిక పట్టమని. నాతో ఎందుకన్నదో.

ఫిబ్రవరి 5, ఆదివారం
కిలో తొమ్మిది వందల యాభై. యాభై గ్రాములు తగ్గింది. ఈయన రాయి తీసి మళ్ళీ పెట్టి చూశారు. మారలేదు. ఆ యాభై గ్రాములూ నావి. గుంజిన శనివారమే చెప్పి ఉంటే... గోదాంలో అల్లం ఘాటుకి కళ్ళు మండుతున్నాయని బయటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 6
ఆరుసార్లు రొమ్ముకు పెట్టాం. పిల్లని పట్టే తీరు నేనే చూపించాను, మెడ కింద చెయ్యి, గడ్డం పైకి. మధ్యాహ్నం సులోచన జాకెట్ తడిసింది. దాచుకోబోయి, నన్ను చూసి నవ్వింది. మంచిదే. మంచిదేనని రాస్తున్నాను, చాలదా.

ఫిబ్రవరి 8, బుధవారం
అత్తమ్మ మాట మీద సులోచన తవుడు తెచ్చింది. అదే చేటలో. కూర్చుని నా ముందు పెట్టింది. అమ్మానని అనాలి నేను. నోరు రాలేదు. సులోచనే మాట్లాడింది.

"శనివారం నాడే గుంజింది గద అక్కా. నేను తలుపు కాడనే ఉన్న. దాని బుగ్గ లోపలికి పోవుడు చూసిన."

భూమిలోకి కుంగిపోయినట్టయింది. అయితే ఎందుకు అడగలేదే అన్నాను.

"రెండు నా చేతులల్లనే పోయినయ్. ఇది నీ చేతుల ఉన్నది, బతుకుతున్నది. నువ్వు లేదన్నవు... నాకు నిమ్మళమైంది. పాలు పోతే పోనీ అనుకున్న."

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. దాని భయం పక్కన నా కుళ్ళు పెట్టి చూసుకున్నాను. ఏం తరాజు అక్కర్లేదు, తెలుస్తూనే ఉంది ఏది బరువో.

తవుడు తీసుకోలేదు. వద్దనీ అనలేదు. చేట వంటింట్లో గోడ పక్కనే ఉంది.

ఫిబ్రవరి 9, గురువారం
ఇవాళ మధ్యాహ్నం నుంచి పిల్ల సులోచన గదిలో. నేనే పంపాను. తవుడు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఉగ్గుగిన్నె కడిగి బోర్లించాను. అటక మీద పెట్టలేదు.

ఏడుస్తోంది. గోడ ఇవతలకి వినిపించేంతగా ఏడవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ పిల్లికూనలా మూలిగేది. గొంతు వచ్చింది దీనికి. వెళ్ళనా? పిలవలేదు. పిలవకుండా వెళ్తే ఇంకా నాదే అనుకుంటోందని... అనుకోనీ. వద్దు, కూర్చుంటాను. తల్లి ఉంది కదా.

ఏడుపు ఆగింది.

తాగుతున్నట్టుంది. ఎంత ఒడుపుగా నోరు మూయించింది చూడు. నేనైతే ఎంతసేపు ఊపాలో.

చప్పుడు లేదు. తాగితే గుటక వినిపించదులే, ఈ గోడకి.

సులోచన గొంతూ లేదు. కూసూ అని కూడా అనడం లేదు.

అరికాలు ఎలా గిల్లాలో దానికి నేను నేర్పనే లేదు.

లేస్తున్నా