భోజనానికి ఒత్తు

ధవళేశ్వరం, మంగళవారం.

ఇవాళ మా ఆవిడ సుభద్ర నాకు మొదటిసారి తెలుగులో మెసేజ్ పెట్టింది. అమ్మాయిని బతిమాలి మరీ టైపింగు నేర్చుకుంది. "పనసపొట్టు కూర చేశానండి. బోజనానికి ఇంటికి వచ్చేయండి."

నేను చేసిందేమిటి? స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతున్న ఊపులో, "భోజనానికి ఒత్తు ఏదీ?" అని జవాబు పెట్టాను. పైగా లెక్కల మాస్టారికి చూపించి నవ్వాను. ఆ నవ్వులో పడి ఇంటికి వెళ్లడమే మరిచిపోయాను.

సాయంత్రం ఆకలితో వచ్చి కూర అడిగితే, "ఒత్తు లేని బోజనం మీకు గొంతు దిగదు కదా అని, పక్కింటి పిన్నిగారికి ఇచ్చేశానండి," అంది. కోపంగా అన్నా బాగుండేది. మజ్జిగ పోస్తూ మామూలుగానే అంది.

ఇన్నేళ్లుగా పిల్లలకి తెలుగు మీద ప్రేమ పెంచుతున్నాననుకుంటున్నాను. ఇంట్లో ముచ్చటపడి రాసిన ఒక్క మనిషినీ నేనే...

ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇందాక ఈ గదిలోంచే మెసేజ్ పెట్టాను: "తప్పయిపోయింది. రేపు మధ్యాహ్నం తప్పకుండా వస్తాను."

వంటింట్లో ఫోన్ మోగింది. జవాబు వచ్చింది. బొటనవేలి బొమ్మ.

దానికి ఒత్తు లేదు, దీర్ఘం లేదు. దిద్దడానికి నాకేమీ మిగల్చలేదు.