దవాఖాన వెనక గది

నాన్నా,

ఈ ఉదయం అమ్మ సూట్‌కేసు పిడికి నీ తెల్ల రుమాలు కట్టింది. మాదాపూర్‌లో నువ్వు కడుతున్న గాజు మేడ పూర్తయ్యాక సెలవుల్లో చూపిస్తానన్నావు కదా, ఆ ప్రయాణం నువ్వు పోయాక మేమిద్దరమే చేశాం.

మేం అద్దెకు మాట్లాడుకున్న గది దుకాణం వెనక ఉందని ఫోనులో దాని యజమాని చెప్పినట్టు విన్నాను. బస్సు దిగి, కనబడిన ప్రతి దుకాణం వెనకా చూశాం. ఒకచోట గేదెలు, ఒకచోట సిమెంటు బస్తాలు. అమ్మ అలసిపోయి బండ మీద కూర్చుంది.

"ఇంటికి వెళ్లిపోదామే," అంది.

దారి అడగడం ఎప్పుడూ నీ పని. నేను నీ వెనక నిలబడేదాన్ని. ఈసారి పూలమ్మే ఆమె దగ్గరికి వెళ్లి, యజమాని పేరు చెప్పి గట్టిగా అడిగాను.

ఆమె పకపకా నవ్వింది. "దుకాణం గాదు బిడ్డా, దవాఖాన! ఆస్పత్రి! గిట్ల తిరిగితే పొద్దుగూకుతది. జర ముంగటికి పో, తెల్లగోడ కనవడ్తది."

మా కాన్వెంటులో ఆ మాట నేర్పలేదు. నేనూ నవ్వేశాను.

గది దొరికింది. రేపు గాజు మేడకు దారి కూడా నేనే అడుగుతాను.

ఇక్కడ మూడు మంచాలు వేశారు. ముగ్గురం వస్తున్నామని ఫోనులో చెప్పింది నేనే.