పడవకి వేయాల్సిన రంగు

కెయిర్న్స్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అన్నయ్యకి,

నీ చెల్లెలు సువార్త చేయు వందనాలు. దేవుడి దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, అమ్మ, వదిన, చంటిది అందరూ చల్లగా ఉండాలని పొద్దున్నే ప్రార్థన చేసుకున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకుంటోందా, లేక రాసుకున్నానని నాకు చెప్పడంతోనే సరిపెడుతోందా? ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఈ సంగతి ఫోనులో ఎత్తితే నేను ఏడుస్తాను, నువ్వు "సర్లేవే, తిన్నావా" అని మాట మార్చేస్తావు. అందుకే కాగితం పట్టాను.

తింటున్నాను, అమ్మకి చెప్పు. ఇక్కడి ఎండ, ఉక్కపోత, వాన అన్నీ మన ఉప్పాడలాగే ఉంటాయి. అదే నా బాధ. చలి ఊరైతే పరాయి చోటని మనసుకి తెలిసేది. పొద్దున్న కొబ్బరాకుల చప్పుడుకి మెలకువ వచ్చి, అమ్మ పొయ్యి దగ్గరుందని ఒక్క క్షణం అనుకుంటాను. ఆ తర్వాత రోజంతా దిగులే. మెల్‌బోర్న్‌లో నా స్నేహితురాలు ఉండే టార్నీట్‌లో వీధి వీధికీ తెలుగువాళ్ళట. ఇక్కడ తెలుగు నా ప్రార్థనలోనే వినబడుతుంది.

కాలేజీవాళ్ళు పని నేర్చుకోమని నన్ను ఓడలు బాగుచేసే యార్డుకి పంపారని చెప్పానుగా. రెండు నెలలుగా ఒక నేవీ గస్తీ బోటు ఇంజన్ల దగ్గరే నా పని. పసిఫిక్‌లో ఒక చిన్న ద్వీప దేశానిది అది. వాళ్ళ నేవీ మొత్తానికి ఉన్నవి రెండే బోట్లు. ఒకటి మా యార్డులో గట్టెక్కి కూర్చుంటే, దేశాన్ని కాయడానికి మిగిలింది ఒకటే. తుపాకీ ఉంది గానీ నేను చూసినప్పుడల్లా దానిమీద తువ్వాళ్ళే ఆరుతున్నాయి. దొంగచాటుగా చేపలు పట్టే ఓడల్ని తరమడం, తుఫానొస్తే దీవులకి బియ్యం మోయడం వాళ్ళ పని. అన్నిటికన్నా ఎక్కువగా చేసేది మాత్రం తప్పిపోయిన జాలర్లని వెతకడం.

సిబ్బందిలో పెద్దాయన టొమాసి అంకుల్. మన తోమా పేరే అన్నమాట. ఆదివారం డెక్ మీద పాటలు పాడి ఆరాధన చేసుకుంటారు, నన్నూ పిలుస్తారు. తర్వాత కొబ్బరిపాలు పోసి వండిన చేప పెడతారు. కారం ఉండదు, అయినా మారు వడ్డించుకుంటాను.

పోయిన ఆదివారం తింటూ, ఎలా వెతుకుతారంకుల్ అని అడిగాను. పొలం దున్నినట్టు సముద్రం మీద అటూ ఇటూ చాళ్ళు వేసుకుంటూ పోతారట. నలుగురు నాలుగు దిక్కులా చూస్తారు, అరగంటకోసారి మనిషి మారతాడు. అరగంట దాటితే కన్ను చూస్తుంది గానీ మనసు చూడదట. ఆయన ఇంగ్లీషులో అన్నది మన మాటలో రాస్తున్నాను. "మావాళ్ళకి ఎంత చెప్పినా బుద్ధి రాదమ్మా. పడవకి నీలం వేస్తారు, లేకపోతే తెలుపు. నీలం నీళ్ళలో కలిసిపోతుంది, తెలుపు నురగలో కలిసిపోతుంది. ఒకసారి నీలం పడవ పక్క నుంచే పోయాం, చూడలేదు. అందులో ఒకడు తెడ్డుకి ఎర్రగుడ్డ కట్టి ఊపాడు కాబట్టి వెనక్కి తిరిగాం."

నేను కంచం కింద పెట్టేశాను అన్నయ్యా.

నాన్న పడవకి రంగు ఎంచింది నేనని నీకు తెలుసు. ఎలా ఎంచానో తెలియదు. ఎరుపు డబ్బా, నీలం డబ్బా ముందు పెట్టి "ఏది ఎయ్యాలో నువ్వే సెప్పవే" అన్నాడు. ఆయనకి ఎరుపే ఇష్టం, ఆ డబ్బా మూత ముందే తీసి ఉంచాడు. నేనేమో "నీలం ఎయ్యి నాన్నా. సముద్రం మన పడవని తనదే అనుకుంటాది, ఏం సెయ్యదు" అన్నాను. తొమ్మిదేళ్ళదాన్ని. నాన్న నవ్వి ఎరుపు డబ్బాకి మూత పెట్టేశాడు. ఒడ్డున నిలబడితే అల దాటగానే ఆ పడవ కనబడేది కాదు. నాన్న మాయమయ్యాడని నేను చప్పట్లు కొట్టేదాన్ని. నాన్న వేటకెళ్ళి తిరిగిరాని ఆ తుఫానుకి హెలికాప్టరు రెండు రోజులు తిరిగింది, నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదన్నారు, గుర్తుందా?

ఇదంతా టొమాసి అంకుల్‌కి చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. "ఎర్ర పడవలు కూడా దొరక్క మేం తిరిగొచ్చిన రోజులున్నాయి. నీ తప్పో కాదో నేను చెప్పలేను. మీ ఇంట్లో తర్వాతి పడవకి ఏ రంగు వేస్తున్నారు?" అని అడిగాడు.

మూడు రోజులకే నీ ఫోను. "కొత్త పడవొచ్చిందే. నాన్న పడవ రంగే ఏసేద్దామా? నువ్వే సెప్పు." సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది.

ఇదిగో నా జవాబు. నారింజ వెయ్యి. పక్కలకీ, లోపలా, అంచులకీ అంతా అదే, పండిన గుమ్మడి ముక్కలా. వదిన మూతి తిప్పుతుంది, రేవులో గుమ్మడికాయ పడవని పేరు పెడతారు. పెట్టనీ. నాన్న గుర్తుండాలంటే ఆయన పేరు మాత్రం నీలం అక్షరాలతో రాయించు. ఇంకేం అడిగినా కాదను, ఇది కాదనకు. నాకు నువ్వొక్కడివే అన్నయ్యవి.

అమ్మకి చదివి వినిపించేటప్పుడు డబ్బాల సంగతి దాటేయి. ఎండు నెత్తళ్ళు పంపొద్దను, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. వాటి వాసన తలుచుకుంటేనే ఇక్కడ నాకు అన్నం దిగుతోంది, అది చాలు. పాస్టరు గారికి, వదినకి నా వందనాలు, చంటిదానికి ముద్దులు.

పడవ నీళ్ళలోకి దించే రోజు అమ్మని ఒడ్డున నిలబెట్టు. నాకు ఫొటో వద్దు. అల దాటాక అమ్మకి నువ్వు ఎంతసేపు కనబడ్డావో, అది రాయి.

నీ దీవెన కోరే చెల్లెలు,
సువార్త